కాలువ ఇవతలి రక్తం

మా తమ్ముడు తవిన్ ఆ రోజు మిట్టమధ్యాహ్నమే మా ఇంటికి వచ్చేశాడు. నేను వాకిట్లో చాపల మీద ఎండు రొయ్యలు తిరగేస్తున్నాను. స్కూటర్‌కు స్టాండు కూడా సరిగా వేయకుండా, నీలం హెల్మెట్ చేత్తో పట్టుకుని వచ్చి మెట్ల మీద కూలబడ్డాడు. రెండో చేతిలో ఒక పళ్ల బుట్ట. నిగనిగలాడే కాగితం చుట్టి, పైన ఎర్ర రిబ్బను కట్టి ఉంది.

"ఏరా, షిఫ్టు అప్పుడే అయిపోయిందా?"

"షిఫ్టు కాదక్కా. ఉద్యోగమే అయిపోయింది."

"మళ్లీ ఎవడితో పెట్టుకున్నావ్?"

"ఎవడితోనూ పెట్టుకోలేదు. నా రక్తం మంచిది కాదంట."

నాకు అర్థం కాలేదు. వాడు పదేళ్లకు పైగా కాలువ అవతల ఫ్యాక్టరీలో ట్యాంకులు కడుగుతున్నాడు. ముక్కుకు గొట్టం తగిలించుకుని లోపలికి దిగి, అడుగున పేరుకున్న మడ్డి గీకి పైకి తోడడం వాడి పని. ఇంటికొచ్చి స్నానం చేసినా ఒంటిమీద పెట్రోలు లాంటి తియ్యటి వాసన పోయేది కాదు. వాడి పెళ్లాం ఆ వాసన భరించలేక పుట్టింటికి వెళ్లిపోయిందని ఊళ్లోవాళ్లు ఎగతాళి చేసేవారు. వెళ్లింది వేరే కారణానికి, అయినా ఎగతాళికి అవన్నీ ఎందుకు?

సంగతి మెల్లగా బయటికి లాగాను. ఏటా జరిగే ఆరోగ్య పరీక్షలో ఈసారి దూది పుల్లతో బుగ్గ లోపల గీకి నమూనా తీసుకున్నారట. బెంజీన్ అనే ఆవిరి ఒంట్లోకి వెళితే దాన్ని విరిచే జన్యువు ఒకటుందట. వీడిలో అది పుట్టుకతోనే బలహీనంగా ఉందట. అందుకని ఇకమీదట ట్యాంకు పనికి తీసుకోరు, వేరే పని ఖాళీ లేదు. వీధిలో వీడిలాంటి వాళ్లు ఇంకా కొందరు తేలారు, వాళ్లకూ ఇదే మాట.

"నీ మంచికే అన్నారక్కా. ఆ నర్సు నా చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది. నీ మంచికే తమ్ముడూ అని."

"ఈ బుట్ట?"

"అది కూడా నా మంచికే."

నేను ఆ బుట్ట తీసుకుని కాలువలోకి విసిరేశాను. పక్కింటి చలువాయ్ అవ్వ పీతలు పట్టే చేతివల వేసి నారింజపళ్లన్నీ ఏరుకుందనుకోండి, అది వేరే సంగతి. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. ట్యాంకులో ఆవిరి ఉండడం తప్పు కాదట. ఆ ఆవిరికి తట్టుకోలేకపోవడం మా తమ్ముడి తప్పట!

ఈ జన్యువుల మాట మా ఊరు హువలేమ్‌కు తెచ్చింది డాక్టర్ నవరత్. ఆవిడను ఇల్లిల్లూ తిప్పింది నేను. నేను మా వార్డుకు ఆరోగ్య వాలంటీరును. ముసలివాళ్లకు బీపీ చూడడం, దోమ పిల్లలున్న నీళ్లు పారబోయించడం, బాలింతలను ఆసుపత్రికి తీసుకెళ్లడం నా పని. బ్యాంకాక్ విశ్వవిద్యాలయం నుంచి ఒక పొట్టి మనిషి, కళ్లజోడు పెట్టుకుని, సుఫాన్ జిల్లా పల్లెటూరి యాసతో "అక్కా, మీ ఊరివాళ్ల రక్తం కాస్త కావాలి" అని అడిగితే మొదట నవ్వాను. మా ఊరి బడి వరండాలో అందర్నీ కూర్చోబెట్టి ఆవిడ చెప్పిన తీరు మాత్రం నాకు నచ్చింది.

"జన్యువు అంటే ఏంటమ్మా?" అని ఎవరో అడిగారు. మా థాయ్ భాషలో జన్యువునూ, జీన్స్ అనే ఆ గట్టి నీలం ప్యాంటునూ ఒకే మాటతో పిలుస్తాం. వెంటనే చలువాయ్ అవ్వ అందుకుంది.

"మా మనవడు కావాలని చిరుగులు పెట్టించుకుని తొడుక్కునేదేనా?"

"అదే అవ్వా. కాకపోతే ఇది లోపల తొడుక్కునేది. చిరిగితే కనపడదు, అంతే తేడా."

వరండా అంతా నవ్వు. ఆ తర్వాత ఆవిడ నిదానంగా చెప్పింది. ఒంట్లో ప్రతి కణంలోనూ జన్యువులుంటాయి. కొన్ని పని చేస్తుంటాయి, కొన్ని ఊరకే పడుంటాయి. విషం లోపలికి వెళితే, దెబ్బతిన్నదాన్ని బాగుచేసే జన్యువులు లేచి పనిలోకి దిగుతాయి. రక్తపు జబ్బు బయటపడడానికి ఇరవై ఏళ్లు పట్టొచ్చు. ఏ జన్యువులు లేచాయో, ఏవి పడకేశాయో ఇవాళ్టి రక్తంలోనే తెలుస్తుంది. "జబ్బు వచ్చాక లెక్కపెట్టడం మన దేశంలో అందరికీ వచ్చు. నేను రాకముందు చూద్దామనుకుంటున్నాను" అంది. మరొక మాట కూడా చెప్పింది. ఇచ్చిన రక్తాన్ని ఎవరు ఎప్పుడు వద్దనుకున్నా వెనక్కి తీసుకోవచ్చు, కారణం చెప్పక్కర్లేదు.

అలా కాలువ పక్కనున్న మేమంతా ఇచ్చాం. పోల్చి చూడడానికి లోపల కొండల వైపు డూరియన్ తోటల ఊరివాళ్ల దగ్గర కూడా తీసుకుంది. ఏడాది పైన పట్టింది. ఫలితం చెప్పడానికి వచ్చిన రోజు ఆవిడ ముఖంలో నవ్వు లేదు.

గాలిలో బెంజీన్ ఇంతవరకు ఉండొచ్చని ప్రభుత్వం గీసిన గీత ఒకటుంది. మా ఊరి గాలి ఆ గీత దాటలేదట. అయినా మా తెల్లరక్త కణాల్లో బాగుచేసే జన్యువులు విరామం లేకుండా పనిచేస్తున్నాయట. తోటల ఊరివాళ్లలో అలా లేదట. అంటే గీతే తప్పు, దాన్ని బాగా కిందికి దించాలి. అదే రాసి పత్రికలో వేసింది, ప్రమాణాలు చూసే కమిటీకి పంపింది. అందులోనే ఒక చోట, కొందరికి ఆ విరిచే జన్యువు పుట్టుకతో బలహీనంగా ఉంటుందనీ, వాళ్లకు దెబ్బ ముందే తగులుతుందనీ, కాబట్టి గీత గీసేటప్పుడు వాళ్లను మనసులో పెట్టుకోవాలనీ రాసింది.

ఫ్యాక్టరీవాళ్లు ఆ వాక్యంలో మొదటి సగం చదివారు. రెండో సగం వాళ్లకు అక్కర్లేకపోయింది.

బుట్ట విసిరేసిన రోజే నేను డాక్టరమ్మకు ఫోను చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. ఆవిడ అడ్డం రాలేదు. "శనివారం వస్తానక్కా" అని మాత్రం అంది.

వచ్చేసరికి మా వాకిట్లో వీధి వీధంతా ఉంది. ఎవరూ మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. మా ఊళ్లో ఇంటికొచ్చిన మనిషికి నీళ్లివ్వకపోవడం అంటే చెంపదెబ్బ కొట్టినట్టే. ఆవిడకూ తెలుసు.

"నువ్వొచ్చాకే కదమ్మా ఈ ఏడుపు," అంది ఉద్యోగం పోయిన ఇంకొకడి తల్లి. "నా కొడుకు ఒళ్లు దున్నలా ఉంటుంది. ఇవాళ వీధిలో పిల్లలు వాణ్ని పుచ్చు రక్తం అంటున్నారు."

"మీ రక్తం వివరాలు నేనెవరికీ ఇవ్వలేదమ్మా. అది వాళ్లు వాళ్ల క్లినిక్‌లో—"

"దారి చూపించింది నువ్వే కదా?"

డాక్టరమ్మ తల దించుకోలేదు. "గాలి బాగుచెయ్యమని రాశాను. గాలిని వదిలేసి మనుషుల్ని ఏరి పారేస్తారని అనుకోలేదు."

"ఇంత చదివావు, అది అనుకోలేదా?" అన్నాను నేను. "వాళ్లెవరో నీకు తెలీదా? పాత ట్యాంకు కారుతోందంటే ట్యాంకు మార్చకుండా చుట్టూ పూలమొక్కలు నాటిన మనుషులు వాళ్లు!"

"తెలుసు. అయినా అనుకోలేదక్కా. నాదే తెలివితక్కువతనం." ఆ తర్వాత ఆవిడకు కోపం వచ్చింది. మా మీద కాదు. చేతిలో సంచీ నేలకేసి కొట్టింది. "బలహీనమైనవాళ్లని కాపాడమని రాస్తే వాళ్లని గెంటేస్తారా? పైగా దానికి నా పేరు చూపిస్తారా? నేను పత్రికలో రాసిన ఆ కాగితం వాళ్ల గోడకి తగిలించుకున్నారంట, తెలుసా మీకు? నా పేరు కింద గీత కూడా గీశారంట!"

చలువాయ్ అవ్వ తమలపాకు ఉమ్మేసి, "అదంతా సరే. మా రక్తం మాకిచ్చెయ్" అంది.

"ఇస్తానవ్వా. అడిగినవాళ్ల రక్తం పారబోయిస్తాను, అంకెలు కూడా తీసేస్తాను. అది మీ హక్కు. బుధవారం జిల్లా కార్యాలయంలో కమిటీ సభ ఉంది. గీత దించాలని అడగడానికి నా దగ్గరున్నది మీ రక్తం ఒక్కటే. అయినా బతిమాలను."

తవిన్‌తో మాట్లాడాలని అడిగింది. వాడు ఇంటి వెనక వల ముందేసుకుని కూర్చున్నాడు. నేను పిలిచినా రాలేదు. ఆవిడ అలాగే వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున పిచెత్ వచ్చాడు. ఫ్యాక్టరీ తరఫున ఊళ్లోవాళ్లతో మంచిగా ఉండడం అతని ఉద్యోగం. పండగలకు బియ్యం మూటలు, బడికి ఫ్యాన్లు, చావులకు పూలదండలు అతని చేతి మీదుగానే వస్తాయి. ఇస్త్రీ చొక్కా నలగకుండా మా రొయ్యల చాప అంచున కూర్చున్నాడు.

"విన్నాను లమ్యై అక్కా. చాలా బాధేసింది. పల్లెటూరివాళ్లు కదా అని మీ రక్తం తీసుకెళ్లి పత్రికల్లో పేరు తెచ్చుకుంటారు. తర్వాత మీ బతుకులెలా పోయినా వాళ్లకేంటి?"

"అదే కదా" అన్నాను. నిజంగానే ఆ క్షణంలో అతని మాట నాకు చల్లగా తగిలింది. ఇంత కోపంలో ఉన్నప్పుడు ఎవరు వంతపాడినా చుట్టంలాగే కనిపిస్తారు.

"మీ రక్తం మీరు వెనక్కి తీసుకోవచ్చక్కా. బ్యాంకాక్ వెళ్లి ఒక్క సంతకం పెడితే చాలు. మీకెందుకు శ్రమ, వ్యాను నేను పెట్టిస్తాను. ఏసీ వ్యాను. దారిలో భోజనం కూడా మాదే."

"ఎప్పుడు?"

"సోమవారం పెట్టుకుందాం. బుధవారం లోపల అయిపోతే మంచిది."

"ఎవరికి మంచిది?"

అతను నవ్వాడు. ఆ నవ్వు ఒక్క రవ్వ ఆలస్యంగా వచ్చింది. "అదేంటక్కా, అందరికీ."

అప్పుడు నాకు గుర్తొచ్చింది. మా ఊరి పెద్దాయన ఒకాయన ఫ్యాక్టరీ ఆవిరి పీల్చి స్పృహ తప్పి పడిపోయిన రోజు, మేం కాళ్లావేళ్లా పడ్డా వీళ్ల వ్యాను గేటు దాటి రాలేదు. ఇవాళ మా రక్తం పారబోయడానికి ఏసీ వ్యాను, దారిలో భోజనం!

"పిచెత్ గారూ, చాప మీంచి లేవండి. రొయ్యలు నలుగుతున్నాయి."

"అక్కా, నేను మీ మంచికే—"

"ఇంకోసారి ఆ మాటంటే ఈ గంప నెత్తిన బోర్లిస్తాను. లే!"

అతను వెళ్లాక ఇల్లిల్లూ తిరిగాను. ఒక్కొక్కళ్లకూ అదే చెప్పాను. డాక్టరమ్మ మీద నాకూ కోపముంది, అది తర్వాత తేల్చుకుందాం. వ్యాను ఎవరు పెడుతున్నారో చూడండి, ఎప్పటిలోపు అంటున్నారో చూడండి. కొందరు వెంటనే గ్రహించారు. కొందరు నన్నే అనుమానించారు. "నీకెంత ముట్టజెప్పిందే ఆ కళ్లజోడు?" అని ఒకావిడ మొహం మీదే అడిగింది. చలువాయ్ అవ్వ మాత్రం అంతా విని, "వాడి పళ్లు తింటాను గానీ వాడి వ్యాను ఎక్కను" అని తేల్చేసింది.

తవిన్ ఒప్పుకోలేదు.

"నేను వెళ్తాను."

"ఒరేయ్, వాళ్లకి కావాల్సింది అదేరా!"

"వాళ్లకేం కావాలో, ఆవిడకేం కావాలో నాకక్కర్లేదక్కా. వాళ్లు నా బుగ్గ గీకారు, ఆవిడ నా చెయ్యి గుచ్చింది. ఇద్దరూ నా లోపల ఏముందో చూసుకుని వాళ్ల పని చూసుకున్నారు. నన్ను ఎవరైనా చూశారా?"

"నేను చూడట్లేదా?"

"నువ్వు కూడా ఊరి గురించే మాట్లాడుతున్నావ్."

సోమవారం ఆ వ్యానులో పట్టుమని పదిమంది కూడా ఎక్కలేదు. ఎక్కినవాళ్లలో మా తమ్ముడున్నాడు. ఇవతలి వైపు కిటికీ పక్కనే కూర్చుని కూడా నావైపు తిరగలేదు.

బుధవారం జిల్లా కార్యాలయం హాలు కిక్కిరిసింది. వేదిక మీద కమిటీవాళ్లు, ఫ్యాక్టరీవాళ్లు పిలిపించిన ఆచార్య థనిత్. ఆయన ఒకప్పుడు నవరత్‌కు పాఠాలు చెప్పిన గురువట. తెల్లజుట్టు, మెత్తని గొంతు, పెళ్లి మంత్రాలు చదువుతున్నంత శాంతంగా మాట్లాడాడు.

"నవరత్ చేసిన పని చాలా గొప్పది. దానివల్లే సున్నితమైనవాళ్లెవరో ముందుగా తెలుసుకుని కాపాడుకోగలుగుతున్నాం. ఇక మిగతావాళ్ల సంగతి. వాళ్లలో బాగుచేసే జన్యువులు చురుగ్గా పనిచేస్తున్నాయని ఆమే చూపించింది. అంటే శరీరం సర్దుకుంటోందన్నమాట. ఇది ప్రమాదం కాదు, ఆరోగ్యానికి గుర్తు. గీత మార్చాల్సిన అవసరం నాకైతే కనిపించడం లేదు."

మా వరసలో గుసగుసలు. ఆయన చెబుతుంటే నిజమేనేమో అనిపించేలా ఉంది, అదే నాకు మరీ మండింది.

నవరత్ లేచింది. గురువుకు చేతులు జోడించి నమస్కారం పెట్టింది. ఆ తర్వాత మాత్రం గొంతులో వినయం లేదు.

"ఆచార్యా, ఇల్లు తగలబడుతుంటే చుట్టుపక్కలవాళ్లు బిందెలతో నీళ్లు పోస్తుంటారు. నీళ్లు బాగా పోస్తున్నారు కాబట్టి మంటే లేదంటారా? లేకపోతే మంట అలాగే ఉండనివ్వండి, బిందె మొయ్యలేనివాళ్లని ఊళ్లోంచి పంపేద్దాం అంటారా?"

తెర మీద ఒక బొమ్మ వేసింది. ఒక్కో మనిషికి ఒక్కో చుక్క. చుక్క ఎంత పైనుంటే ఆ ఒంట్లో బాగుచేసే జన్యువులు అంత ఎక్కువగా పనిచేస్తున్నట్టు. ఎర్రచుక్కలు బలహీనమైన జన్యువున్నవాళ్లు, నల్లచుక్కలు గట్టివాళ్లు. కాలువకు దగ్గరయ్యేకొద్దీ రెండు రంగులూ పైకి పాకాయి. ఎర్రవి కాస్త ముందు, నల్లవి కాస్త వెనక.

"గట్టి జన్యువున్నవాళ్లు కూడా తప్పించుకోలేదు. ఆలస్యమయ్యారంతే. ఇక్కడ ఎవర్ని ఏరేసినా మిగిలినవాళ్లు అదే దారిలో ఉన్నారు. నా కాగితం చూపించి ఉద్యోగాలు తీసేశారు కాబట్టి అందరి ముందూ చెప్తున్నాను: నేను కొలిచింది గాలి చేసిన పని. ఈ మనుషుల లోపాన్ని కాదు. నా పేరు ఆ గోడ మీంచి తీసెయ్యండి!"

ఒక కమిటీ సభ్యుడు గొంతు సవరించుకుని, ఎర్రచుక్కలు మరీ తక్కువగా ఉన్నాయే, నమ్మడం ఎలా అని అడిగాడు. నేనిక కూర్చోలేకపోయాను.

"ఎలా ఉంటాయండీ ఎక్కువ?" నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. "మొన్న సోమవారం ఈ పిచెత్ గారు ఏసీ వ్యాను పెట్టి మావాళ్లని బ్యాంకాక్ తీసుకెళ్లి రక్తం వెనక్కి తీయించారు! బుధవారం లోపల అయితే మంచిదన్నారు! ఆ బొమ్మలో మా తమ్ముడి చుక్క ఉండాలి, లేదు! అడగండి ఆయన్ని, ఎవరికి మంచిదని!"

హాలంతా లేచింది. పిచెత్ ఏదో అనబోతే వెనక నుంచి చలువాయ్ అవ్వ, "దారిలో భోజనంలో ఏం పెట్టావు నాయనా?" అని కేకేసింది. నవ్వులు, తిట్లు కలిసిపోయాయి. ఆచార్య థనిత్ కాగితాలు సర్దుకుంటూ కిందికి చూస్తూ ఉండిపోయాడు. వ్యాను సంగతి ఆయనకు తెలియదనే అనుకుంటాను. తెలిసిన తర్వాతైనా ఒక్క మాట అనలేదు.

ఆ తర్వాత ఏమైందంటే, వానాకాలం పోయాక కమిటీ ఉత్తర్వు వచ్చింది. పనివాళ్లను జన్యువు చూసి తీసేయడం ఆపాలన్నారు. గీతను కిందికి దించారు, నవరత్ అడిగినంత కాదు, అందులో సగం. దానికి ఫ్యాక్టరీ సర్దుకోవడానికి చాలా ఏళ్ల గడువిచ్చారు. మా ఒళ్లు సర్దుకుంటోందన్నారు, ఫ్యాక్టరీ సర్దుకోవడానికి మాత్రం గడువు కావాలట. తీసేసినవాళ్లను తిరిగి తీసుకోమని ఎక్కడా రాయలేదు. పిచెత్‌ను వేరే జిల్లాకు మార్చారు. అతని చోట వచ్చిన అమ్మాయి బుట్టలు ఇంకా బాగా కడుతుంది.

తవిన్ ఇప్పుడు మార్కెట్ మూలన చేపలు కాల్చి, జిగురన్నం పెట్టి అమ్ముతున్నాడు. ఫ్యాక్టరీవాళ్లే ఎక్కువగా కొంటారు.

ఈ మధ్య నవరత్ మళ్లీ వచ్చింది. గీత దించాక జన్యువులు నెమ్మదించాయో లేదో చూడాలంటే ఇంకొక విడత రక్తం కావాలి. ఈసారి ఊరివాళ్లు మాట అడిగి పుచ్చుకున్నారు: ఏం రాసినా అచ్చుకు ముందు మా బడి వరండాలో మా భాషలో చదివి వినిపించాలి. "వినిపిస్తాను, మీరు కొట్టెయ్యమన్నది కొట్టేస్తాను" అంది. "అన్నీ కొట్టేస్తే నీకేం మిగుల్తుందే?" అంది అవ్వ, చొక్కా చెయ్యి పైకి మడుచుకుంటూ.

నేను మళ్లీ ఇల్లిల్లూ తిరిగాను. తవిన్ ఇంటి దగ్గర బొగ్గుల పొగ. వాడు చేపలకు ఉప్పు పట్టిస్తున్నాడు.

"డాక్టరమ్మ వచ్చిందిరా. ఊళ్లో దాదాపు అందరూ ఇస్తున్నారు."

"ఇవ్వనీ."

"ఎర్రచుక్కలు తక్కువున్నాయంట."

"అక్కా," అన్నాడు తలెత్తకుండానే, "నా రక్తం నా ఒంట్లోనే ఉంటుంది. ఇంక అడక్కు."

అడగలేదు. వాడొక చేప ఆకులో చుట్టి నా చేతిలో పెట్టాడు. అది తీసుకుని పక్కింటి తలుపు తట్టడానికి వెళ్లాను.